విరమణ దేనికి?

కళాశాలలో వీడ్కోలు సభ జరిగినప్పుడల్లా ఆహ్వాన పత్రికపై తెలుగులో ‘పదవీ విరమణ’ అనియు, ఉర్దూలో ‘సుబుక్‌దోషీ’ అనియు అచ్చు వేయిస్తాము. సందర్భము ఒకటే అయినను, ఈ రెండు మాటల భావము ఒకటి కాదు. ఆ భేదమును విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల సంఘము వారి ముందు ఉంచదలచినాము.

విరమణ అనగా మానుకొనుట. ‘ఉద్యోగము’ అను సంస్కృత పదమునకు మూలార్థము ప్రయత్నము, పూనిక. భారతమున ఉద్యోగ పర్వము కొలువుల కథ కాదు, యుద్ధ సన్నాహము. ఆ అర్థమున ‘ఉద్యోగ విరమణ’ అంటే పూనికనే విడిచిపెట్టుట అవుతుంది. ‘పదవీ విరమణ’ కొంత మేలు. కాని ముప్పది ఏండ్లు గంట కొట్టిన జవాను విరమించుటకు ఆయనకు ఏ పదవి ఇచ్చినాము?

పారసీకమున ‘సుబుక్’ అనగా తేలిక, ‘దోష్’ అనగా భుజము. భుజముపై బరువు దిగినవాడు సుబుక్‌దోష్. బరువు దిగినదే కాని భుజము సత్తువ కోల్పోయినదని ఆ మాట చెప్పదు.

హైదరాబాదు ఉర్దూలో పింఛనును ‘వజీఫా’ అంటారు. విద్యార్థి వేతనమునకూ అదే పేరు. దానిని దానముగా తలచరాదు. పింఛను ప్రభుత్వపు దయ కాదనియు, చేసిన సేవకు లభించు హక్కు అనియు 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

వయస్సు మాట కూడా ఆలోచించదగినదే. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినది. తరువాత దానిని మరల 58 చేసినారు. 2021లో తెలంగాణ 61కి, 2022లో ఆంధ్రప్రదేశ్ 62కు పెంచినవి. ఉత్తర్వు మారినంతనే మనిషి శక్తి మారదు కదా!

మనలో అనేకుల తల్లులు బీడీలు చుట్టుదురు. తండ్రులు మగ్గము నేయుదురు, రిక్షా లాగుదురు. వారికి విరమణ తేదీ లేదు, వీడ్కోలు సభ లేదు. ఈ మాటల వెలుపల ఉన్నవారిని మరచి మాటలను మాత్రమే దిద్దుట చాలదు.

సంఘము వారికి మా మనవి ఒక్కటే. శాలువా కప్పి పంపిన పెద్దల కొరకు వారమునకు ఒక సాయంకాలము గ్రంథాలయమున ఒక బల్ల ఉంచండి. చదువు చెప్పించుకొనుటకు మేము వస్తాము.