చిన్నదే కదా!

స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి బస్సెక్కినవాళ్లు ఊరికే కూర్చుంటారా? ఎవరికి ప్రమోషనొచ్చింది, ఎలా వచ్చింది... గాజువాక చేరేలోపు ఎవరో ఒకరి పరువు గంగలో కలుస్తుంది.

ఎదురుగా లేని మనిషి గురించి ఇలా చెప్పుకోవడానికి ముస్లిం ఇళ్లల్లో ఓ పేరుంది... గీబత్. ‘ఉన్నమాటేగా అన్నాం’ అంటే కుదరదు. ఉన్నది అంటేనే గీబత్. లేనిది అంటే అభాండం. చనిపోయిన సోదరుడి మాంసం తినడంతో దీన్ని పోల్చింది ఖుర్‌ఆన్.

పెద్ద పాపాలు కబీరా, చిన్నవి సగీరా. పెద్దవాటికి దూరంగా ఉంటే చిన్నవాటిని దేవుడు మాఫీ చేస్తాడన్న భరోసా ఉంది. ఆ ధైర్యంతోనే చాలామంది గీబత్‌ను చిన్నవాటి ఖాతాలో వేసేస్తారు. పండితుల్లో ఎక్కువమంది మాత్రం దాన్ని కబీరాలోనే చేర్చారు. పోనీ, చిన్నదే అనుకున్నా... లోయలో దిగిన బాటసారులు తలో పుల్లా తెస్తే రొట్టెలు కాలేంత మంట అయిందట. చిన్న పాపాలూ అంతేనన్నారు ముహమ్మద్ ప్రవక్త.

అసలు చిక్కు మరోటి. దేవుడికి బాకీపడితే దేవుణ్ని అడగొచ్చు. మనిషికి బాకీపడితే ఆ మనిషే మన్నించాలి. తూకంలో 50 గ్రాములు నొక్కేసిన దుకాణదారు ఎంతమందిని వెతుకుతాడు? తెలిసినవాళ్లకు తిరిగివ్వాలి, తెలియనివాళ్ల పేరిట దానం చేయాలి అంటారు పండితులు. మరి నోరు జారితే?

విశాఖ రేవు దాటే ఓడలు ఒకప్పుడు దర్గా కొండ మీది ఇసాక్ మదీనా బాబాకు జెండా దించి, ఎత్తి సలాం చేసేవని చెబుతారు. హజ్‌కు బయల్దేరే మనిషికీ అలాంటి పనొకటుంది. ఇంటింటికీ వెళ్లి ‘కహా సునా మాఫ్ కరో’ అనడం. అన్నదీ విన్నదీ మన్నించమని. షబే బరాత్‌కూ ఇదే మాట వినిపిస్తుంది. ఇప్పుడది వాట్సాప్‌లో ఒక్క నొక్కుతో 200 మందికి వెళ్లిపోతోంది. మాటపడ్డ మనిషి ఆ 200 మందిలో ఉన్నాడా?

ఉన్నా, ‘మిమ్మల్ని ఇలా అన్నాను’ అని చెబితే మానిన చోట కొత్త గాయం. అందుకే కొందరు పండితులు ఇంకో దారి చూపారు. అతని కోసం దువా చేయాలి. చెడు చెప్పినచోటే అతని మంచీ చెప్పాలి.

అంటే మళ్లీ ఆ బస్సే, ఆ సీట్లే, ఆ మనుషులే. ‘నిన్న నేనన్నది తప్పు. ఆయన మంచోడు’ అని వాళ్ల ముందే అనాలి.

అదైతే చిన్న పని కాదు.