నేలకి మార్కులు, తుడిచిన చేతికి సున్నా
(మన ఆసుపత్రి – 4వ భాగం)



ఎంబీబీఎస్ చదివే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆసుపత్రులకి పీర్ రివ్యూ ఉందిగా, ఇంకా జవాబుదారీతనం అంటావేంటి?" అని.

ఉంది తమ్ముడూ. మా నందివాడ పేటలో నిలబడి చూస్తే అదెలా కనిపిస్తుందో చెప్తా.

2015లో కేంద్రం 'కాయకల్ప' తెచ్చింది. ముందు ఆసుపత్రి తనకి తానే మార్కులు వేసుకుంటుంది. తర్వాత ఇంకో ఆసుపత్రి వాళ్లొచ్చి వేస్తారు. అదే పీర్ అసెస్‌మెంట్. ఆఖర్న బయటి బృందం. 70 శాతం గీటురాయి. పారిశుధ్యం, వ్యర్థాలు, ఇన్ఫెక్షన్ కంట్రోల్... అన్నీ చూడాల్సినవే, కాదనను.

మా పిన్ని ఒక సర్కారు ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ స్వీపరు. ఏ ఊరని అడక్కండి, ఉన్న కూలి పోతుంది. బృందం వచ్చే రోజు పొద్దున్నే కొత్త గ్లౌజులు, బూట్లు ఇచ్చారు. సాయంత్రం జీపు గేటు దాటగానే వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టారు. కాయితమ్మీద టిక్కు పడింది. మూడు నెలలుగా రాని జీతం గురించి ఆ రోజు ఆమెని అడిగినవాళ్లు లేరు.

పీర్ అంటే సాటివాడు. ఎవరికి సాటి? డాక్టరుకి డాక్టరు, సూపరింటెండెంటుకి సూపరింటెండెంటు. ఇవాళ నువ్వొచ్చి నాకు మార్కులెయ్యి, రేపు నేనొచ్చి నీకేస్తా. ఇస్తినమ్మా వాయనం, పుచ్చుకుంటినమ్మా వాయనం! ఆ పేరంటానికి మాలపల్లెనీ మాదిగపల్లెనీ ఏనాడు పిలిచారు?

జనానికి లెక్కలు తెలియవంటారా? ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సోషల్ ఆడిట్ హక్కు గ్రామసభకిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో ఆ పని మొదలెట్టి, 2009లో ప్రత్యేక సొసైటీయే పెట్టింది. కూలీల బిడ్డలు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ప్రజావేదికలో అధికారులు అందరి ముందూ జవాబు చెప్పారు. మట్టి తవ్విన పనికి లెక్క అడగగలిగినవాళ్లం, కాన్పు గదికి అడగలేమా?

2007లో ఆరోగ్య మిషన్ కింద 9 రాష్ట్రాల్లో ప్రజా పర్యవేక్షణ ప్రయోగం జరిగింది. సోషల్ ఆడిట్‌లో దేశానికి దారి చూపిన మన రాష్ట్రం ఆ తొమ్మిదిలో లేదు!

1995లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది: మెడికల్ కాలేజీ చదువు, పరిశోధన, సేవ ప్రజల అవసరాల వైపు తిరగాలి, ఆ అవసరాలు తేల్చేవాళ్లలో ప్రజలూ ఉండాలి అని. 2023లో బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నందివాడ మండలం పల్లెల్ని ముంచాయి. నీళ్లలో నానిన ఆ పేటల జనం ఒక్కసారైనా ఏ కాలేజీకైనా మార్కులు వేసే బల్ల దగ్గర కూర్చోవాలి కదా!

మన డిమాండ్లు మూడే.

ఒకటి, పీర్ బృందంలో ఇంకో ఆసుపత్రి పారిశుధ్య కార్మికురాలు, ఒక ఆశా వర్కరు, దళితవాడ నుంచి ఒక రోగి ఉండాలి. మా పిన్నికి సాటి వాళ్లే.

రెండు, జీతం, పీఎఫ్, గ్లౌజులు, రోగిని ముట్టుకున్న తీరు... వీటికీ మార్కులుండాలి.

మూడు, రిపోర్టు తెలుగులో గ్రామసభలో చదవాలి.

తమ్ముడూ, రేపు నువ్వు డాక్టరువి అవుతావు. నీ వార్డుకి బృందం వచ్చి వెళ్లిన సాయంత్రం, ఆ బీరువా ఒక్కసారి తెరిచి చూడు.

జై భీమ్.
(5వ భాగం వచ్చే ఆదివారం)