గట్టు ఎత్తు ఎవరడిగారు?

బేరిగైలో మా వీధిలో ఒక ఇంటివాళ్లు పోయినేడు వంటిల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నారు. పాతది ఈశాన్యం మూలన ఉండేది. గోడలు గట్టివి, వెలుతురుకు లోటు లేదు. ఇంటాయనకు గులాబీ తోటలో నష్టమొచ్చేసరికి తప్పు పూల ధరది కాకుండా పోయింది, వంటింటిదయింది. సిద్ధాంతి వచ్చాడు, దిక్సూచి తీశాడు, ఆగ్నేయానికి మార్చమన్నాడు.

మాది సరిహద్దు ఊరు. పంచాంగం తెలుగు, తాపీ తమిళం, మాలూరు వియ్యంకుల సలహా కన్నడం. తమిళ మేస్త్రి నమ్మేది మనైయడి శాస్త్రం. దాని ప్రకారం గది పది అడుగులైతే శుభం, పన్నెండైతే చేటు. అందుకని పదికి పది అన్నారు. తెలుగువాళ్ల ఆయం లెక్క వేరు. వైశాల్యాన్ని తొమ్మిదితో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తారు. శేషం బేసి అయితే మంచిది, సరి అయితే చెడ్డది. ఆ లెక్కను అడుగుల్లో ఈ గదికే వేసి చూడండి. నూరు తొమ్మిదులు 900, ఎనిమిదితో భాగిస్తే మిగిలేది 4. అంటే శ్వానాయం. తమిళంలో సిరులిచ్చే గది తెలుగులో కుక్కపాలయింది!

అసలు ఏ అడుగు అది? మేస్త్రి టేపులో ఉన్నది 30.48 సెంటీమీటర్ల ఇంగ్లిషు అడుగు. కొలత ఇటుక గోడకా, పూత పూశాకా, టైల్సు అతికించాకా? ఒక్కో వైపు ముప్పావు అంగుళం తిన్నా పదడుగులు పదడుగులుగా మిగలవు. ఈ మాట అడిగితే మేస్త్రి నవ్వాడు. సిద్ధాంతి నవ్వలేదు.

ఆగ్నేయానికి ఒకప్పుడు అర్థం ఉండి ఉండొచ్చు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వంటశాలను ఆ మూలకే పెట్టమన్నాడు. కట్టెల పొయ్యి, పూరికప్పు ఉన్న రోజుల్లో, పడమటి గాలి వీచే వానాకాలంలో, నిప్పు తూర్పు అంచున ఉంటే రవ్వలు ఇంటి మీదికి రావు. కారణం అదే అయితే పెద్దల తెలివికి దండం పెడదాం. కట్టెలు పోయాయి, పూరికప్పు పోయింది, మూల మాత్రం మిగిలింది.

ఇప్పుడున్నది గ్యాసు. వండే మనిషి తూర్పుకు తిరగాలన్నారు కాబట్టి పొయ్యి తూర్పు గోడకు, సరిగ్గా కిటికీ కింద పడింది. గృహప్రవేశమైన వారంలోనే నేను కళ్లారా చూశాను. ఆ ఇల్లాలు పాలు పెట్టి పక్కకు తిరిగింది. రయ్యిమని గాలి కొట్టింది, మంట ఆరింది, గ్యాసు బుస్సుమంటూనే ఉంది. వాసన పట్టి ఆమె పరుగున వచ్చి కట్టేసింది. వంటగ్యాసు గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే గాలి పోయే దారి కింద కూడా ఉండాలి, సిలిండరును తలుపులేసిన అరలో బిగించకూడదు, పొయ్యి కిటికీకి ఎదురుగా ఉండకూడదు. ఈ శాస్త్రం సిద్ధాంతి సంచిలో లేదు.

ఇక గట్టు. మన కృష్ణగిరి గ్రానైటే, నల్లగా నిగనిగలాడుతోంది. మేస్త్రి అలవాటుగా 34 అంగుళాలు లేపాడు. దాని మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె. ఆమె ఎత్తు అయిదడుగులు. అన్నానికి ఇబ్బంది లేదు గానీ, రాగి సంగటి గెలకాలంటే తెడ్డు మీదికి భుజాల బరువు దిగాలి. గిన్నె మూతి రొమ్ము దాకా వస్తే బరువెక్కడ దిగుతుంది? ఇంటాయనను అడిగారు, వియ్యంకులను అడిగారు, గ్రహాలనూ అడిగారు. “అక్కా, గట్టు ఎంత ఎత్తు పెట్టాల?” అని ఆమెను అడిగినవాడు లేడు.

1926లో మార్గరెటే షుట్టే-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మామూలు సంసారాల కోసం వంటిల్లు గీసింది. ఏ పనికి ఎంతసేపు పడుతుంది, ఎన్ని అడుగులు నడవాలి అన్నది లెక్కగట్టి గీసింది. దాని కొలత 1.9 మీటర్లకు 3.4 మీటర్లు. మన పదికి పది కంటే చిన్నదే. అలాంటివి వేల ఇళ్లలో కట్టారు.

వాస్తు నిజమో కాదో తేల్చుకోవాలంటే హోసూరు దాకా వెళ్తే చాలు. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఎదురెదురు ఫ్లాట్లు అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. ఒకరి వంటిల్లు ఆగ్నేయంలో పడితే ఎదుటివారిది ఈశాన్యంలో పడుతుంది. సిద్ధాంతి మాటే నిజమైతే ఒక వరుస కాపురాలన్నీ ఈపాటికి కూలిపోయి ఉండాలి. రెండు వరుసల్లోనూ కుక్కర్లు కూస్తూనే ఉన్నాయి.

మా వీధి ఇంట్లో కొత్త గట్టు మీద ఇప్పుడు కాఫీ, అన్నం అవుతున్నాయి. సంగటికి మాత్రం ఆమె పెరట్లో మూడు రాళ్లు పెట్టి కట్టెల పొయ్యి వేసుకుంది. అది ఉన్నది ఈశాన్యం మూలనే.