ప్రకృతి పరిచయం: సన్యాసి పీత కుబుసం విడిచే వేళ

గత సంచికలో ఇంటి అక్వేరియంలో చేపల పెంపకం గురించి ముచ్చటించుకున్నాము. అది చదివిన మన టౌన్‌షిప్ గృహిణులు కొందరు, పిల్లలు కొందరు, "చేపల సంగతి సరే, గుల్లను వీపున మోసుకుని తిరిగే పీతలను గురించి కూడా వ్రాయండి" అని కోరారు. ఆ కోరిక తీర్చే ముందు నేనొక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది.

రెండేళ్ల క్రితం ఆరవ తరగతి చదువుతున్న మా అమ్మాయి పుట్టినరోజుకు నగరంలోని ఒక దుకాణం నుండి నేలమీద తిరిగే సన్యాసి పీతను తెచ్చి ఇచ్చాను. గాజుతొట్టిలో ఇసుక పోసి, నీళ్ల చిప్ప పెట్టి, దానిని అందులో ఉంచాము. మూడు నెలలు చక్కగా తిరిగింది. ఒకనాడు ఇసుకలో దూరి మాయమైనది. వారం గడిచింది, పది రోజులు గడిచినవి. "చచ్చిపోయి ఉంటుంది, ఇల్లంతా వాసన వేస్తుంది" అన్నది మా శ్రీమతి. నేను గరిటె తీసుకుని ఇసుక తవ్వాను. కాళ్లు, డెక్కలు, మీసాలతో సహా కదలిక లేని పీత బయటపడినది. పోయినదని నిశ్చయించుకుని, తొట్టిని పెరట్లో బోర్లించాను. అప్పుడు ఆ ఇసుక ముద్దలో నుండి గుల్ల ఒకటి దొర్లింది. అందులో లేత గులాబీ రంగులో, మైనంవలె మెత్తగా, అసలు పీత ఉన్నది. నేను శవమనుకున్నది అది విడిచిన కుబుసం మాత్రమే. గరిటె తగిలి దాని కాలొకటి తెగిపోయినది. మర్నాటికి అది నిజంగానే చనిపోయినది.

"నాన్నా, అది చచ్చిపోలేదుగా? నువ్వు తవ్వావు కాబట్టేగా చచ్చిపోయింది?" అని మా అమ్మాయి అడిగినది. నా వద్ద సమాధానం లేకపోయినది. ఆ తరువాత చదివి, తెలిసినవారిని అడిగి నేర్చుకున్న సంగతులే ఈనాటి వ్యాసం.

పేరుకు పీత

సన్యాసి పీత నిజమైన పీత కాదు. రొయ్యలు, ఎండ్రకాయలు చేరిన దశపాద వర్గానికే చెందినా, దీని శాఖ వేరు. మామూలు పీతకు ఒళ్లంతా గట్టి పెంకు ఉంటుంది. సన్యాసి పీతకు తల, కాళ్లు, డెక్కలు మాత్రమే గట్టివి. ఉదరం మెత్తగా, ఒక పక్కకు మెలి తిరిగి ఉంటుంది. ఆ మెత్తని భాగాన్ని కాపాడుకొనుటకు అది చనిపోయిన నత్తల ఖాళీ గుల్లలో దూరి, తోక చివరనున్న కొక్కేలవంటి అవయవాలతో గుల్ల నడిమి స్తంభాన్ని పట్టుకుని జీవిస్తుంది. ఆపద వస్తే లోపలికి ముడుచుకుని, పెద్ద డెక్కను తలుపువలె అడ్డం పెట్టుకుంటుంది.

విశాఖ, భీమునిపట్నం తీరాలలో పోటు తగ్గిన వేళ రాతి గుంటలలో చూస్తే, చిన్న చిన్న గుల్లలు కాళ్లు వచ్చినట్లు పరుగెత్తుతూ కనిపిస్తాయి. అవి నీటిలో ఉండే సన్యాసి పీతలు. నేలమీద తిరిగే రకాలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్ తీరాలలో విరివిగా ఉన్నవి. ఈ నేల పీతల కుటుంబానికి చెందినదే కొబ్బరి పీత. చిన్నతనంలో అది కూడా గుల్ల మోస్తుంది, పెరిగిన పిమ్మట వదిలివేస్తుంది. మన దేశంలో దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించినది.

కుబుసం ఎందుకు?

మనకు ఎముకలు లోపల ఉంటాయి, శరీరంతో పాటు పెరుగుతాయి. పీతకు ఎముక స్థానంలో ఉన్నది పైపెంకు. అది ఒకసారి గట్టిపడితే ఇక పెరగదు. ఒళ్లు పెరగాలంటే పాత పెంకును విడిచి కొత్తది తొడుక్కొనక తప్పదు. దీనినే శాస్త్రజ్ఞులు నిర్మోచనం అంటారు.

ఈ పని హార్మోనుల ఆజ్ఞపై జరుగుతుంది. కంటి కాడలలోని గ్రంథి నుండి వెలువడే హార్మోను మామూలు రోజులలో నిర్మోచనాన్ని ఆపి ఉంచుతుంది. సమయం వచ్చినపుడు ఆ అదుపు సడలుతుంది, మరొక గ్రంథి నిర్మోచన హార్మోనును విడుదల చేస్తుంది. అప్పుడు పాత పెంకులోని కాల్షియం కొంత తిరిగి రక్తంలోనికి చేరుతుంది. దాని అడుగున మెత్తని కొత్త పొర ఏర్పడుతుంది. పీత నీటిని పీల్చి ఉబ్బుతుంది, పాత పెంకు పగులుతుంది. ఆ పగులులో నుండి కాళ్లను, మీసాలను, చివరకు కంటి కాడలను సైతం తొడుగు నుండి లాగుకున్నట్లు లాగుకుంటుంది. ఇంతకుముందు కాలు పోగొట్టుకుని ఉంటే, దాని స్థానంలో చిన్న కాలు ఈ సమయంలోనే బయటకు వస్తుంది.

కుబుసం విడిచిన పీత నిలబడనైనా లేదు. అందుకే నేల పీత ముందుగానే తడి ఇసుకలో గొయ్యి తవ్వుకుని దాగుకుంటుంది. కొత్త పెంకు గట్టిపడుటకు కావలసిన కాల్షియం కోసం తాను విడిచిన కుబుసాన్నే మెల్లమెల్లగా తింటుంది. చిన్న పీతకు ఇదంతా రెండు మూడు వారాలు, మధ్యరకం పీతకు నెల నుండి రెండు నెలలు పడుతుంది. బాగా పెద్దవాటికి ఇంకా ఎక్కువ. నేను తవ్వినది పదవ రోజున!

నీటిలో పెరిగే రకాలు ఇన్ని రోజులు తీసుకొనవు. అవి కుబుసాన్ని తొట్టి అడుగున వదిలి, కొద్ది రోజులు రాళ్ల చాటున దాగుతాయి.

ఇల్లు మారుట

కుబుసం విడుచుట వేరు, గుల్ల మార్చుట వేరు. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. కుబుసం సొంత చర్మం, గుల్ల అద్దె ఇల్లు. అయితే కుబుసం విడిచి ఒళ్లు పెరిగిన పీతకు పాత గుల్ల ఇరుకవుతుంది కనుక, ఇసుక నుండి బయటకు వచ్చాక తరచుగా కొత్త గుల్ల వెదుకుతుంది. ఖాళీ గుల్ల దొరికితే దానిని డెక్కలతో తడిమి, దొర్లించి, మూతిలో డెక్క దూర్చి లోపలి వైశాల్యం చూసుకుంటుంది. నచ్చితే రెప్పపాటులో ఒక గుల్ల నుండి మరొక గుల్లలోనికి దూకుతుంది. నచ్చకపోతే మళ్లీ పాతదానిలోనికే వచ్చేస్తుంది.

ఇక్కడ మన ఉద్యోగులకు బాగా తెలిసిన వ్యవహారం ఒకటున్నది. టౌన్‌షిప్‌లో ఒక పెద్ద క్వార్టరు ఖాళీ అయితే ఏమవుతుంది? సి టైపు వారు అందులోనికి, బి టైపు వారు సి టైపులోనికి, ఎ టైపు వారు బి టైపులోనికి మారుతారు. ఒక్క పదవీ విరమణతో నాలుగు కుటుంబాలు సామాను సర్దుకుంటాయి. హారిసన్ వైట్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఉద్యోగాల ఖాళీలు ఇలా గొలుసుగా కదిలే తీరును 1970లో ఒక గ్రంథంలో వివరించారు. ఆ భావననే తీసుకుని ఇవాన్ చేజ్, ఆయన సహచరులు 1988లో సన్యాసి పీతలలో అదే గొలుసు నడుస్తున్నదని చూపారు. పెద్ద పీత కొత్త గుల్లలోనికి మారితే, అది విడిచినదానిలోనికి తరువాతిది, దాని గుల్లలోనికి ఇంకా చిన్నది చేరుతాయి. కొన్ని నేల రకాలు పెద్దా చిన్నా వరుసగా బారులు తీరి మరీ ఇళ్లు మారుతాయి. మన ఎస్టేట్ ఆఫీసులో ఉన్నట్లు వాటికి దరఖాస్తులు, సీనియారిటీ జాబితాలు లేవు, అంతే తేడా. అన్నిచోట్లా ఇంత శాంతంగా జరుగదు. సముద్రపు రకాలు కొన్ని తమ గుల్లతో ఎదుటిదాని గుల్లను దబదబ బాది, లోపలివారిని ఖాళీ చేయిస్తాయి.

పెంచేవారికి కొన్ని సూచనలు

ఇప్పటికే నేల పీతలను పెంచుతున్నవారు ఈ జాగ్రత్తలు పాటించవలసినదిగా మనవి.

ఇసుక కనీసం ఆరంగుళాల లోతు ఉండాలి. పీత పెద్దదైతే దాని ఎత్తుకు మూడింతలకు తగ్గరాదు. పిల్లలు కట్టే ఇసుక గూడు నిలబడేంత తడి ఉంటే చాలు. గాలిలో తేమ 75 నుండి 85 శాతం ఉండాలి. పొడిగాలిలో వాటి మొప్పలు ఎండి, ఊపిరాడక చనిపోతాయి.

నీళ్ల చిప్పలు రెండు పెట్టాలి. ఒకదానిలో క్లోరిన్ తొలగించిన మంచినీరు, రెండవదానిలో అక్వేరియం దుకాణాలలో దొరికే సముద్రపు ఉప్పు కలిపిన నీరు. వంటింటి అయోడైజ్డ్ ఉప్పు వాడరాదు.

కాల్షియం కోసం శుభ్రపరచిన కోడిగుడ్డు పెంకుల పొడి గాని, ఆయుర్వేద దుకాణాలలో సముద్రపు నురుగు పేరుతో దొరికే కటిల్ చేప ఎముక గాని ఇవ్వవచ్చు.

ఒక్కొక్క పీతకు కొంచెం పెద్దవైన ఖాళీ గుల్లలు మూడు నాలుగు అందుబాటులో ఉంచాలి. రంగులు పూసినవి వద్దు. ఆ రంగు పెచ్చులు ఊడి వాటి కడుపులోనికి పోతుంది.

నీటి తొట్టిలో సన్యాసి పీత ఉంటే చేపల రోగానికి రాగి కలిసిన మందు వేయరాదు. చేపకు మందైన రాగి పీతకు విషం.

అన్నిటికంటె ముఖ్యం: ఇసుకలో దూరిన పీతను తవ్వరాదు. కుబుసం బోలుగా, తేలికగా ఉంటుంది. నిజంగా చనిపోయినదైతే కుళ్లిన చేప వాసన వస్తుంది. ఆ వాసన లేనంతవరకు ఓపిక పట్టండి.

పెంచాలా, వద్దా?

దుకాణాలలో అమ్మే నేల పీతలు దాదాపు అన్నీ తీరం నుండి పట్టుకొచ్చినవే. వాటి పిల్లలు సముద్రంలో పలు దశలు దాటి ఒడ్డుకు చేరాలి కనుక, ఇంటిలో పునరుత్పత్తి చేయించుట అతి కష్టం. అడవిలో దశాబ్దాలు బ్రతికే జీవి మన అజ్ఞానం వలన తొట్టిలో నెలలలోనే ముగిసిపోతుంది. జపాన్ దేశం 1970లోనే తన నేల సన్యాసి పీతలను సహజ స్మారకాలుగా ప్రకటించి రక్షించినది. వాటికి నొప్పి తెలియదనుకొనుట కూడా సరికాదు. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2009లో ప్రచురించిన పరిశోధనలో, స్వల్ప విద్యుత్తు తగిలిన పీతలు తమకు అంతగా నచ్చని గుల్లలనైతే త్వరగా విడిచాయి, నచ్చిన గుల్లలను విడుచుటకు వెనుకాడాయి. అంటే అవి బాధను, ఇంటి విలువను బేరీజు వేసుకుంటున్నాయన్నమాట.

ఎల్.టి.సి. పై అండమాన్ వెళ్లే మిత్రులకు ఒక మాట. అందంగా ఉన్నవని గుల్లలు సంచిలో వేసుకురావద్దు. కొన్ని రకాల గుల్లలను సేకరించుట చట్టరీత్యా నేరం కూడా. మనం తెచ్చే ప్రతి గుల్ల ఒక పీతకు దక్కని ఇల్లు. దానికి బదులు మనం అక్కడ వదిలి వస్తున్నది ప్లాస్టిక్. కోకోస్, హెండర్సన్ అనే మారుమూల దీవులలో ప్లాస్టిక్ చెత్తలో చిక్కి సుమారు 5,70,000 సన్యాసి పీతలు చనిపోయి ఉంటాయని 2019లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది. సీసా మూతలను గుల్లలుగా తగిలించుకుని తిరిగే పీతల ఛాయాచిత్రాలు ప్రపంచం నలుమూలల నుండి వస్తున్నవి.

నిరుడు మా సహోద్యోగి ఒకరు బదిలీపై వెళుతూ తన పీతను మాకు అప్పగించి వెళ్లారు. వర్షాకాలంలో అది ఇసుకలో దూరినది. మా అమ్మాయి క్యాలెండరుపై ఒక్కొక్క రోజు కొట్టివేస్తూ, తొట్టి మీద "తవ్వరాదు" అని కాగితం అంటించినది. ఆ కాగితం ఎవరి కోసమో నాకు తెలుసు. నలభై ఏడవ రోజు తెల్లవారుజామున ఆమె నన్ను నిద్ర లేపినది. పీత కొత్త రంగుతో, మేము పెట్టిన గుల్లలలో అన్నిటికంటె పెద్దదానిని డెక్కతో కొలుస్తున్నది. ఇద్దరమూ మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాము.

మీ అనుభవాలను ఎప్పటివలె సంపాదకవర్గం చిరునామాకు వ్రాసి పంపండి. వచ్చే సంచికలో పెరటి తూనీగలతో కలుసుకుందాము. సెలవు.