ఒకే యాంప్లిఫయరు, రెండు రకాల చెవులు

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక హాస్టల్లో ఉంటాడు వాడు. కోర్సు అయిపోయి, ఉద్యోగం వచ్చి నాలుగు నెలలైనా ఆ గది మాత్రం వదల్లేదు.

"అన్నయ్యా, ఒక యాంప్లిఫయరు చూశాను. 6 వాట్లంట! హెడ్‌ఫోన్‌కి అదీ, ఐఈఎంకి ఇంకో చిన్నదీ. రెండూ కలిపి ఆర్డర్ పెట్టేద్దామనుకుంటున్నా."

"రెండెందుకురా?"

"పెద్దదానికి పవర్ కావాలి కదా. చిన్నవి దానికి పెడితే పాడైపోతాయంట."

వాడు ఒక్క నిమిషంలో రెండుసార్లు "అంట" అన్నాడు. జీతంలో సగం పోయేలా ఉంది. ఆర్డర్ ఆపి, సాయంత్రం పంజగుట్ట రమ్మన్నాను. మెట్రోలో ఒక్క స్టేషనే కదా.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఐఈఎం అంటే చెవి రంధ్రం లోపలికంటా దిగే ఇయర్‌ఫోన్. స్టేజీ మీద పాడేవాళ్ళు తమ పాట తామే వినడానికి పెట్టుకునేది. ఇప్పుడు మనలాంటివాళ్ళం అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం వైపు వెళ్ళేటప్పుడు, ఆ రొద వినపడకుండా పెట్టుకుంటున్నాం. పెద్ద హెడ్‌ఫోన్ అంటే చెవి మొత్తం కప్పేది. వెనక జాలీ ఉన్న ఓపెన్ బ్యాక్ రకమైతే ఇంట్లో తప్ప పనికిరాదు, కానీ ఇంట్లో దానికి సాటి లేదు. అంచేత రెండూ ఉండడం విలాసమేం కాదు. రెంటికీ రెండు యాంప్లిఫయర్లు ఉండడం మాత్రం నా దృష్టిలో దండగ. ఒకటి చాలు. కాకపోతే దాన్ని పెద్ద హెడ్‌ఫోన్‌ని చూసి కాదు, ఐఈఎంని చూసి కొనాలి. జనం సరిగ్గా దీన్నే తిరగేసి చేస్తున్నారు.

వాట్ల పిచ్చి మనకి కొత్త కాదు లెండి. కంప్యూటర్ స్పీకర్ల అట్టపెట్టె మీద "పీఎంపీఓ 1000 వాట్లు" అని చూసి మురిసిపోయిన తరం మాది. దాని అడాప్టర్ చూస్తే పట్టుమని 20 వాట్లు కూడా ఇవ్వదు. ఇప్పటి అంకెలు అంత అబద్ధాలు కావు, నిజంగానే 6 వాట్లు ఇస్తాయి. ఎవరికి కావాలి అన్నదే ప్రశ్న.

సెన్‌హైజర్ హెచ్‌డి 650 తీసుకోండి. 2003లో వచ్చింది, 300 ఓములు, "దీనికి పెద్ద యాంప్లిఫయరు కావాలి" అని అందరూ భయపెట్టే సరుకు. కంపెనీ లెక్క ప్రకారం 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ పలుకుతుంది. పాటలో డప్పు దరువు లాంటి శిఖరాలకి 110 డెసిబెల్స్ కావాలనుకున్నా రెండుంబావు వోల్టులు, అంటే సుమారు 17 మిల్లీవాట్లు సరిపోతాయి. ఆ 6 వాట్లనేది 32 ఓములకి చెప్పే లెక్క, 300 ఓములకి అందులో పదో వంతే వస్తుంది. వచ్చినా 600 మిల్లీవాట్ల పైమాటే! హైఫైమ్యాన్ హెచ్ఈ-6 లాంటి మొండి ఘటానికి కూడా అదే 110కి సుమారు అర వాటు చాలు. మీ దగ్గర అలాంటిది ఉంటే ఈ సలహా మీకు కాదు, మీరు వాట్లే కొనుక్కోండి.

ఇక రెండో వైపు. మా టీంలో ఒకాయన దగ్గర క్యాంప్‌ఫైర్ ఆడియో ఆండ్రోమెడా ఉంది, రెండు రోజులు అరువిచ్చారు. దానికి 94 డెసిబెల్స్ పలకడానికి కావలసింది 7 మిల్లీవోల్టులు. హెచ్‌డి 650కి అదే శబ్దానికి 350 పైన. యాభై రెట్లు తేడా, డెసిబెల్స్‌లో 34. ఒకే నాబ్, ఒకే పాట, ఒకే స్థానం.

ఇక్కడే బుస సంగతి వస్తుంది. ప్రతి యాంప్లిఫయరూ ఏమీ వాయించనప్పుడు కూడా కాస్త రొద చేస్తుంది. అది 20 మైక్రోవోల్టులు ఉందనుకోండి. హెచ్‌డి 650లో అది 9 డెసిబెల్స్, అంటే మనిషి చెవికి లేనట్టే. అదే రొద ఆండ్రోమెడాలో 43 డెసిబెల్స్. నిశ్శబ్దమైన గదిలో పాట మొదలవకముందే సన్నగా 'స్‌స్‌స్' అంటుంది. 2 మైక్రోవోల్టులదైతే 23కి దిగుతుంది, గోల వదులుతుంది. కాబట్టి పెట్టె మీద వాట్లు కాదు, లోపల స్పెసిఫికేషన్లలో అవుట్‌పుట్ నాయిస్ మైక్రోవోల్టుల్లో ఎంత రాశారో వెతకండి. అసలు రాయకపోతే అదీ ఒక సమాచారమే.

బుస యాంప్లిఫయరుదా పాటదా తెలుసుకోవడం తేలిక. 1963 నాటి లవకుశ పాటలు పెట్టండి, వెనక టేపు రొద ఉంటుంది. పాజ్ నొక్కండి. రొద ఆగిపోతే అది రికార్డింగుది, ఘంటసాల గారి కాలం నాటిది, దానికి దణ్ణం పెట్టి వినడమే. ఆగకపోతే అది మీరు డబ్బులిచ్చి కొన్న రొద. (ఫ్యాన్ ఆపి చెయ్యండి ఈ పరీక్ష. మే నెలలో హైదరాబాదులో ఫ్యాన్ కింద 26 డెసిబెల్స్ బుస ఎవరికి వినిపిస్తుంది? మావాడి మూన్‌డ్రాప్ చూకి 20 మైక్రోవోల్టులు ఇస్తే వచ్చేది అంతే. అందరూ కంగారు పడక్కర్లేదు.)

రెండో అంకె అవుట్‌పుట్ ఇంపెడెన్స్. దీన్ని ఎవరూ అడగరు, కానీ స్వరాన్ని మార్చేసేది ఇదే. ఐఈఎంలలో బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు నాలుగైదు ఉన్న రకాలకి ఇంపెడెన్స్ ఒకచోట 8 ఓములు, ఇంకోచోట 40 ఇలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. యాంప్లిఫయరుది 10 ఓములైతే, ఇంటర్మీడియెట్‌లో చదివిన వోల్టేజ్ డివైడరే, ఒకచోట 7 డెసిబెల్స్ పడిపోతుంది, ఇంకోచోట 2 మాత్రమే. అంటే ఇళయరాజా గారు గీతాంజలిలో పెట్టిన బేస్ గిటార్ ఒక మోతాదులో ఉండాల్సింది ఇంకో మోతాదులో వినిపిస్తుంది. 1 ఓము అయితే ఈ తేడా ఒక డెసిబెల్ కూడా ఉండదు. హెచ్‌డి 650కి ఆ 10 ఓములు పెట్టినా పదో వంతు డెసిబెల్ తేడా, దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఈ విషయాన్ని గట్టిగా చెప్పినాయన ఎన్‌డబ్ల్యూఏవీగై అని పేరు పెట్టుకున్న ఒక అజ్ఞాత ఇంజినీరు. 1996 నాటి ఒక ఐఈసీ ప్రమాణంలో హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కి 120 ఓములు అని ఉండేది. అది చెల్లదనీ, హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదనీ ఆయన వాదన. 2011లో ఓ2 అనే యాంప్లిఫయరు డిజైన్‌ని ఎవరైనా కట్టుకోవచ్చని బయటపెట్టి, 2012లో మాయమైపోయాడు. ఎవరో ఈ రోజుకీ తెలియదు. ఆ లెక్కన 16 ఓముల ఐఈఎంకి 2 ఓముల లోపు ఉండాలి. ఇప్పటి మామూలు సాలిడ్ స్టేట్ యాంప్లిఫయర్లలో చాలావాటికి 1 ఓము కూడా ఉండదు, సంతోషం. ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ రకాలు మాత్రం పదుల నుంచి వంద ఓముల దాకా వెళతాయి. హెచ్‌డి 650తో అవి హాయిగా ఉంటాయి, ఐఈఎంని మాత్రం వాటి దరిదాపుల్లోకి తీసుకెళ్ళకండి. నిజంగా రెండు యాంప్లిఫయర్లు కావలసిన సందర్భం ఇదొక్కటే అంటాను.

వాల్యూమ్ నాబ్ గొడవ ఒకటుంది. ఎడమకొకటీ కుడికొకటీ రెండు రెసిస్టర్లు ఒకే ఇరుసు మీద తిరుగుతుంటాయి, మొదట్లో అవి ఒకదానికొకటి సరిపోవు. ఐఈఎంకి నాబ్ కొంచెమే తిప్పుతాం కాబట్టి ఒక చెవిలో పాట ఎక్కువగా, ఇంకో చెవిలో తక్కువగా వస్తుంది. లో గెయిన్ స్విచ్ పెట్టండి, చాలకపోతే కంప్యూటర్లో వాల్యూమ్ ఓ 20 డెసిబెల్స్ తగ్గించండి. 24 బిట్లలో పోయేదేం లేదు. దాంతో బుస తగ్గదు, అది వేరే సమస్య.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఆ ఆండ్రోమెడా అరువు తెచ్చుకున్న రాత్రే నా పని అయింది. హై గెయిన్‌లో, నాబ్ గడియారంలో రెండు గంటల దగ్గర పెట్టి హెచ్‌డి 650లో వింటున్నాను. అమెరికా వాళ్ళతో కాల్ వచ్చింది, ఆపాను. కాల్ అయ్యాక దాన్ని పీకి ఐఈఎం గుచ్చి, చెవుల్లో పెట్టుకుని, ప్లే నొక్కాను. నాబ్ ముట్టుకోలేదు. అంతకు ముందు ఓ 78 డెసిబెల్స్ వింటున్నాననుకున్నా, దానికి 34 కలుపుకోండి. పీకి పారేసేలోపు ఒక సెకను పట్టిందేమో. మూడు రోజులు కుడి చెవిలో కీచురాయి అరిచింది. డాక్టర్ గారు పరీక్ష చేయించి, గ్రాఫులో 4000 హెర్ట్జ్ దగ్గర చిన్న గుంట చూపించి, "ఇది తిరిగి నిండచ్చు, నిండకపోవచ్చు" అన్నారు. నెల తర్వాత చాలావరకు నిండింది, పూర్తిగా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినచ్చు, 90 అయితే 4 గంటలే. 112కి ఏముంటుందో మీరే వేసుకోండి.

అప్పట్నుంచి హెడ్‌ఫోన్ మార్చే ముందు నాబ్ సున్నాకి తిప్పుతాను, యాంప్లిఫయరు ఆన్ చేసి రిలే 'టక్' అన్నాకే చెవులకి తగిలిస్తాను. నాబ్ పక్కన తెల్ల టేపు ముక్క మీద ఐఈఎం హద్దు ఎర్ర సిరాతో గీసుకున్నాను. మా ఆవిడ "ప్రెషర్ కుక్కర్‌కి కూడా ఇంత జాగ్రత్త చూపించరు మీరు" అంటుంది.

సాయంత్రం మావాడు వచ్చాడు. నా పాత యాంప్లిఫయరుకి వాడి చూ తగిలించి, ఫ్యాన్ ఆపి, పాజ్ పరీక్ష చేశాం. ఏమీ వినిపించలేదన్నాడు. తర్వాత హెచ్‌డి 650 పెట్టి ఒక అరగంట విన్నాడు. నాబ్ సగం కూడా తిరగలేదు, అదీ లో గెయిన్‌లో.

"మరి స్ప్లిటర్ పెట్టి రెండూ ఒకేసారి గుచ్చితే, అన్నయ్యా? హాస్టల్లో నేనూ, మా రూమ్మేటూ..."

వద్దన్నాను. ఒకడికి వినిపించేటంత పెంచితే రెండోవాడికి చెవులు పోతాయి. అర్థమైనట్టే తలూపి, జేబులోంచి ఫోన్ తీసి 6 వాట్లదాన్ని కార్ట్‌లోంచి తీసేశాడు. చిన్నదాని స్పెసిఫికేషన్లలో మైక్రోవోల్టులు ఎక్కడ రాశారో ఇద్దరం వెతుకుతుంటే మా ఆవిడ ఫ్యాన్ వేసింది.