లాకు పేరు ఒక్కటే మిగలాలా?

పమిడిముక్కల మండలంలో వీరంకిలాకు పేరు తెలియనివారు లేరు. లాకు అంటే ఏమిటో చెప్పగల పిల్లలు మాత్రం నానాటికీ తగ్గిపోతున్నారు.

1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. దాని కింది కాలువలు పొలాలకు నీరివ్వడమే కాక, పడవలకు దారి కూడా అయ్యాయి. కాలువ మట్టం మారేచోట రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని నింపో, వదిలో అటువైపు మట్టానికి తెచ్చే ఏర్పాటే లాకు. పడవ ఆగినచోట జనం చేరతారు, అంగడి వెలుస్తుంది, బాటసారికి పిడికెడు అన్నం దొరుకుతుంది. డెల్టాలో ఎన్నో ఊళ్లు ఇలా పెరిగినవే. బస్సులు, లారీలు వచ్చాక పడవలు పోయాయి. ఊరి పేరులో లాకు నిలిచింది.

ఇళ్లదీ ఇదే కథ. మండువా లోగిలికి నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం. పెళ్లికి, తద్దినానికి వసారాలోనే అరిటాకులు పరిచి బంతులు సాగేవి. నేడు భోజనాలు ఫంక్షన్ హాళ్లకు తరలాయి. వాటాలు పంచుకున్న అన్నదమ్ములలో పెంకు నేయించేదెవరు? చెదపట్టిన దూలం మార్పించేదెవరు? బందరు రోడ్డు నాలుగు వరుసలయ్యాక ఇంటికన్న స్థలానికే విలువ హెచ్చింది.

పాతదంతా అట్టే ఉంచాలని ఎవరూ అనరు. 1977 నవంబరు 19నాటి ఉప్పెన చూసిన దివిసీమకు పక్కా ఇల్లు ఆడంబరం కాదు, ప్రాణరక్ష. ఇల్లు యజమాని సొత్తు; కూల్చవద్దని శాసించే హక్కు ఇరుగుపొరుగుకు లేదు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం రక్షణ కూడా జాతీయ ప్రాధాన్యం గలవిగా ప్రకటించిన కట్టడాలకే గాని ఊరి లోగిళ్లకు వర్తించదు. కనుక పూనుకోవలసింది ఊరివారే.

ఇందుకు లక్షలు అక్కరలేదు. పాత ఇళ్లకు, లాకులకు ప్రతి పంచాయతీ ఒక జాబితా రాయాలి. కూల్చేలోగా కొలతలు, ఫొటోలు తీయించాలి. పెద్దలు చెప్పే సంగతులను బడిపిల్లలచేత రాయించాలి. లాకు వద్ద అది పనిచేసే తీరు తెలిపే బోర్డు ఒకటి నీటిపారుదల శాఖ నిలపాలి. పాత ఇంటిని బాగుచేయించి ఉంచుకునేవారికి ఇంటిపన్నులో కొంత ఊరట కల్పించే మార్గాన్ని ప్రభుత్వం ఆలోచించాలి.

ఘంటసాల బౌద్ధ శిల్పాలు, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు ఆలయం, కూచిపూడి చూడవచ్చేవారు ఈ ప్రాంతానికి కొత్త కాదు. వారికి ఒక లోగిలి వసారాలో ఆకువేసి పప్పు, గోంగూర, గడ్డపెరుగుతో భోజనం పెడితే ఆ రాబడే పెంకుకు, దూలానికి ఆసరా కాగలదు. ఉపన్యాసాలతో నిలవని ఇల్లు అన్నంతో నిలవవచ్చు. పంచాయతీలు ముందుగా జాబితాతో మొదలుపెట్టాలి. ఇల్లు కూలిన తరువాత రాసే జాబితా ఎవరికీ పనికిరాదు.