సేవ ఉమ్మడి... బాధ్యత ఒంటరి!

* ప్రమాదం జరిగితే అపార్ట్‌మెంట్‌ సంఘాల పెద్దలకు రక్షణేదీ?
* ఎండిన బోరు, సెప్టిక్‌ ట్యాంకులే అసలు గండాలు
* రిజిస్ట్రేషన్‌, తీర్మానం, బీమా మూడూ ఉంటేనే భరోసా

అనంతపురం: వేరుశెనగ పంటకు బీమా సొమ్ము ఏ లెక్కన వస్తుందో రచ్చబండ మీదే తేల్చి చెప్పగలిగిన జిల్లా ఇది. వాన ముఖం చాటేస్తే నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న ఇక్కడి రైతుకు తరతరాలుగా పరిచితం. అదే రైతు బిడ్డ పట్టణానికి వచ్చి, అప్పు చేసి ఫ్లాటు కొనుక్కొని, ఇరుగుపొరుగు మాట కాదనలేక నివాసుల సంఘానికి కార్యదర్శి అయినప్పుడు మాత్రం ఆ ప్రశ్న మరుగున పడుతోంది. లిఫ్టు మొరాయించి ఎవరైనా గాయపడినా, ట్యాంకులో దిగిన కూలీ ప్రాణం పోయినా పోలీసులు మొదట అడిగేది 'పని చెప్పినవారు ఎవరు?' అనే. జీతం లేని సేవకు అంత బరువు ఉందని పదవి చేపట్టేనాడు తలచేవారు అరుదు.

హక్కుతో పాటే భారం

ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు యజమానికి తన ఇంటిపై సంపూర్ణ హక్కు, మెట్లు, మిద్దె, లిఫ్టు, బోరు వంటి ఉమ్మడి భాగాలలో విభజించరాని వాటా ఉంటాయి. వాటా ఉన్నచోట బాధ్యతా ఉంటుంది. ఉమ్మడి స్థలంలో జరిగిన హానికి పరిహారం చెల్లించవలసివస్తే ఆ మొత్తం చివరకు ప్రతి ఇంటి వాకిలికీ వస్తుంది. ఇల్లు అద్దెకిచ్చి బెంగళూరులో ఉంటున్న యజమానికీ మినహాయింపు లేదు.

ఇక్కడే రిజిస్ట్రేషన్‌ విలువ తెలుస్తుంది. రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్‌ చట్టం-2001 కింద నమోదైన సంఘానికి చట్టం దృష్టిలో సొంత అస్తిత్వం ఉంటుంది. దావా దాని పేరున నడుస్తుంది. డిక్రీ సాధారణంగా దాని ఆస్తిపైనే అమలవుతుంది. నమోదు కాకుండా నోటిమాట మీద, ఒకరి సొంత బ్యాంకు ఖాతాలో చందాలు వేసుకొని నడిచే సంఘానికి ఆ కవచం లేదు. అక్కడ కార్యదర్శే సంఘం, సంఘమే కార్యదర్శి.

నీరు పడని బోరుతో ముప్పు

ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లు మించని ఈ నేలలో ఒక బోరు ఎండితే మరొకటి వేయడం పరిపాటి. కొత్త బోరుకు వాల్టా చట్టం-2002 కింద అనుమతి పొందాలన్న సంగతి కొందరికైనా తెలుసు. పాత బోరును ఏం చేయాలన్నది మాత్రం పట్టించుకునేవారు తక్కువ. తెరచి వదిలిన బోర్లలో చిన్నారులు పడిపోతున్న దుర్ఘటనలపై సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేయడానికి కనీసం 15 రోజుల ముందు స్థలం యజమాని అధికారులకు లిఖితపూర్వకంగా తెలపాలి. పని సాగుతున్నప్పుడు చుట్టూ కంచె, హెచ్చరిక బోర్డు ఉండాలి. కేసింగ్‌ పైపు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, పైన ఇనుప మూత బిగించాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. అపార్ట్‌మెంటులో స్థలం యజమాని అంటే అందరూ. అందరిదీ అన్న పని చివరకు ఎవరిదీ కాకుండా పోవడంలోనే ప్రమాదం పొంచి ఉంది.

ట్యాంకులోకి దించితే నేరమే

భూగర్భ మురుగు కాలువలు లేనిచోట సెప్టిక్‌ ట్యాంకే దిక్కు. అది నిండినప్పుడు ఎవరినో పిలిపించి, ఎంతో కొంత చేతిలో పెట్టి, లోపలికి దించడం ప్రాణాంతకమే కాదు, నేరం కూడా. పాకీపని నిషేధ చట్టం-2013 ప్రకారం తగిన రక్షణ లేకుండా సెప్టిక్‌ ట్యాంకు శుభ్రతకు మనిషిని ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని నియమించరాదు. తొలి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 'పరోక్షంగా' అన్న మాట వల్ల మధ్యవర్తిని చూపి తప్పించుకోవడం కుదరదు.

ముంబయిలోని గోవండిలో 2019 డిసెంబరులో ఒక గృహ సముదాయపు ట్యాంకులో దిగి ముగ్గురు మరణించారు. వారి భార్యలకు రూ.10 లక్షల చొప్పున తొలుత ప్రభుత్వమే చెల్లించాలనీ, ఆపై బాధ్యుల నుంచి రాబట్టుకోవచ్చనీ బాంబే హైకోర్టు 2021లో ఆదేశించింది. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో రూ.30 లక్షలకు పెంచింది. ఈ అమానుషంపై దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్‌ అనంతపురానికి ఆట్టే దూరం లేని కోలార్‌ బంగారు గనుల ప్రాంతంలో పుట్టినవారే.

నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌ కింద అయిదేళ్ల వరకు శిక్షకు అవకాశం ఉంది. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్లే. ఈ కేసు సంఘం మీద కాదు, మనిషి మీదే నమోదవుతుంది. జైలు శిక్షను ఏ బీమా సంస్థా పంచుకోదు.

ఏ పాలసీ దేనికి?

'బిల్డింగుకు ఇన్సూరెన్సు ఉంది కదా' అన్న ధీమా చాలాచోట్ల కనిపిస్తుంది. 2021 ఏప్రిల్‌ నుంచి అమలులోకి వచ్చిన 'భారత్‌ గృహ రక్ష' పాలసీ అగ్నిప్రమాదం, వరద, భూకంపం వంటి వాటివల్ల ఇంటికి కలిగే నష్టాన్ని పూడుస్తుంది. ఆవరణలో ఇతరులకు కలిగిన హానికి పరిహారం చెల్లించడం దాని పని కాదు. అందుకు పబ్లిక్‌ లయబిలిటీ పాలసీ విడిగా తీసుకోవాలి. భోపాల్‌ దుర్ఘటన దరిమిలా 1991లో వచ్చిన ప్రజా బాధ్యత బీమా చట్టం ప్రమాదకర పదార్థాలతో వ్యవహరించేవారికే వర్తిస్తుంది గనుక ఇళ్ల సముదాయాలకు ఇది నిర్బంధం కాదు, ముందుచూపు మాత్రమే.

కాపలాదారు, లిఫ్టు పనివారి సంగతి వేరు. 1923 నాటి పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అది వర్తించే పక్షంలో 40 ఏళ్ల వయసు, రూ.10 వేల వేతనం ఉన్న ఉద్యోగి విధి నిర్వహణలో మరణిస్తే సగం వేతనాన్ని 184.17తో గుణించగా రూ.9,20,850 చెల్లించాలి. 20 ఫ్లాట్లున్న చోట ఇంటికి రూ.46 వేల పైమాటే. ఉద్యోగుల పరిహార పాలసీ ఈ భారాన్ని మోస్తుంది. ఏటా రూ.20 ప్రీమియంతో రూ.2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో కాపలాదారును చేర్పించడం అదనపు మేలే తప్ప, సంఘం బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు.

అమెరికాలో ఇళ్ల యజమానుల సంఘాల వ్యవహారాలు అక్కడి తెలుగువారికి నిత్యానుభవం. లాభాపేక్ష లేని సంస్థల స్వచ్ఛంద సేవకులకు 1997 నాటి సమాఖ్య చట్టం కొంత రక్షణ ఇస్తుంది. ఘోర నిర్లక్ష్యానికి మాత్రం అక్కడా మినహాయింపు లేదు. కమిటీ సభ్యుల నిర్ణయాలపై వచ్చే దావాలకు వేరే బీమా తీసుకోవడం అక్కడ వాడుక. ఇక్కడ అలాంటి పాలసీ కంపెనీల డైరెక్టర్లకే పరిచితం.

ముందే మేలుకుంటే మేలు

ఖర్చు లేని రక్షణ మినిట్స్‌ పుస్తకంలోనే ఉంది. మరమ్మతు ప్రతిపాదన, దానికి ఒప్పుకున్నవారు, కాదన్నవారు, డబ్బు లేక వాయిదా పడిన కారణం తేదీతో సహా రాసి ఉంటే, కార్యదర్శి తన పని తాను చేశాడనడానికి అదే సాక్ష్యం. లిఫ్టు నిర్వహణకు రాతపూర్వక ఒప్పందం, సెప్టిక్‌ ట్యాంకుకు మనిషి కాక యంత్రం, కొత్త భవనమైతే రెరా చట్టం కింద అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాలపై బిల్డరుకు నోటీసు తప్పనిసరి. చట్టం నిషేధించిన పని చేయించి, ఆనక బీమా కోసం ఎదురుచూస్తే మొండిచేయే మిగలవచ్చు.

పదవికి ఎవరూ ముందుకు రావడం లేదని ప్రతి వార్షిక సమావేశంలో వినిపించే ఫిర్యాదుకు మూలం కూడా ఇదే. పాలసీ ప్రీమియాన్ని నెలవారీ నిర్వహణ రుసుములో చేర్చడానికి నివాసులు సమ్మతిస్తేనే, సేవకు ముందుకొచ్చిన పొరుగువాడిని ఆపదలో ఒంటరిగా నిలబెట్టబోమన్న మాటకు అర్థం ఉంటుంది.